మన కాలవగట్టు రోడ్ల మీద అడాస్ కారు పనికొస్తుందా? పాలకొల్లు నాన్నగారి కారు గురించి అడిగిన ప్రశ్నకి నా సమాధానం

మీ ప్రశ్న చదివానండి. నాన్నగారికి 62 ఏళ్ళు, పాలకొల్లులో ఉంటారు, కొత్త కారు తీసుకుంటున్నారు, అడాస్ (డ్రైవర్‌కి కారే సాయం చేసే ఫీచర్లు) ఉన్న వేరియంట్‌కి లక్ష పైన ఎక్కువ అవుతోంది. ఆయన ఎక్కువగా నరసాపురం, రాజోలు, భీమవరం తిరుగుతారు, అప్పుడప్పుడు హైదరాబాద్ వెళ్తారు, రాత్రిపూట ఎదురు లైట్లకి కొంచెం ఇబ్బంది పడుతున్నారు అన్నారు. మీరేమో బెంగళూరులో. "మన రోడ్ల మీద ఇది పనిచేస్తుందా, లేక డబ్బులు పోసి కొని ఆఫ్ చేసుకుని తిరగడమేనా" అన్నది మీ ప్రశ్న.

సూటిగా చెప్తాను. కొనండి. అందులో కొన్ని ఫీచర్లు ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచాలి, కొన్ని మాత్రం నాలుగు లేన్ల హైవే ఎక్కాకే ముట్టుకోవాలి. ముందు బండి దగ్గరైతే హెచ్చరించేది, ఆఖరి క్షణంలో తనే బ్రేక్ వేసేది, పక్కల వెనకాల ఎవరొస్తున్నారో చెప్పేది, ఇవన్నీ పాలకొల్లు సందుల్లో కూడా అక్కరకొస్తాయి. స్పీడు తనే చూసుకునే అడాప్టివ్ క్రూయిజ్, లేన్ మధ్యలో ఉండేలా స్టీరింగ్ తిప్పే లేన్ అసిస్ట్, ఈ రెండూ ఊళ్ళ మధ్య రోడ్డు మీద వద్దే వద్దు.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. నాది భీమవరం పక్కన. ముందు లారీ తోలాను, తర్వాత చాలా ఏళ్ళు టూరిస్ట్ కార్లు, ఇప్పుడు కొత్తగా కారు కొన్నవాళ్ళ పక్కన కూర్చుని వాళ్ళ కారు వాళ్ళకి అలవాటు చేయించడం నా పని. 2021లో ఎంజీ ఆస్టర్, మహీంద్రా ఎక్స్‌యూవీ 700 కార్లు వచ్చిన కొత్తలో అడాస్ అంటే మా వైపు వింతగా చూసేవాళ్ళు, 2024 ఆఖర్లో అమేజ్ లాంటి చిన్న కారులోకి కూడా వచ్చేసింది, కాబట్టి ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామందికి ఇదే డౌటు.

ముందు ఒక విషయం మనసులో పెట్టుకోండి. ఇప్పుడు మన మార్కెట్లో మామూలు కార్లలో అమ్ముతున్నది లెవెల్ 1, లెవెల్ 2. అసలు లెక్క 0 నుంచి 5 దాకా ఉంటుంది, అందులో 2 అంటే కారు స్టీరింగ్, బ్రేకు, యాక్సిలరేటర్ మూడింట్లోనూ సాయం చేస్తుంది గానీ రోడ్డు చూసే బాధ్యత మొత్తం డ్రైవర్‌దే. ఏదైనా జరిగితే కేసు పడేది మన మీదే, కారు మీద పడదు. షోరూమ్ కుర్రాళ్ళు టెస్ట్ డ్రైవ్‌లో చేతులు వదిలేసి చూపిస్తారు చూడండి, నాన్నగారు పక్కనుంటే అది చూడనివ్వకండి. చూసినది మనసులో ఉండిపోతుంది.

ఇక ఒక్కొక్కటీ.

ఆటోమేటిక్ బ్రేక్, అంటే ఏఈబీ. నా లెక్కలో మీరు పెట్టే లక్షలో ఎక్కువ విలువ దీనిదే. ఎందుకో చూడండి. 80లో వెళ్తుంటే కారు సెకనుకి 22 మీటర్లు పోతుంది. మనిషి చూసి, అర్థమయ్యి, కాలు బ్రేక్ మీదకి వెళ్ళేసరికి సెకనున్నర అనుకుంటే అప్పటికే 33 మీటర్లు అయిపోయింది, ఇంకా బ్రేక్ పడనే లేదు. ఆ సమయంలో నాన్నగారు అద్దంలో చూస్తూ ఉన్నా, పక్క సీట్లో అమ్మగారు ఏదో అడిగితే అటు తిరిగినా కారు ముందే పట్టుకుంటుంది. పూర్తిగా ఆపలేకపోయినా సరే, 80లో గుద్దాల్సింది 40లో గుద్దితే దెబ్బ తీవ్రత సగం కాదు, నాలుగో వంతుకి పడిపోతుంది, స్పీడు రెట్టింపైతే గుద్దుడు బలం నాలుగు రెట్లు కాబట్టి.

అయితే మన దగ్గర దీని మీద ఒకే కంప్లైంట్ వింటుంటాను, "అనవసరంగా బ్రేక్ వేసేస్తోందండి, వెనకాల వాడు వచ్చి గుద్దేలా ఉన్నాడు" అని. ఇది నిజమే. భీమవరం టౌన్‌లో బైకు మన బంపర్‌కి జానెడు దూరంలో అడ్డంగా దూరిపోతాడు, కారుకి అది ప్రమాదంలాగే కనిపిస్తుంది. దానికి మందు ఆఫ్ చేయడం కాదు. చాలా కార్లలో హెచ్చరిక ఎంత ముందు రావాలో సెట్టింగ్ ఉంటుంది, త్వరగా, మామూలుగా, ఆలస్యంగా అని. టౌన్‌లో తిరిగేవాళ్ళు ఆలస్యంగా అన్నది పెట్టుకోండి. గోల బాగా తగ్గుతుంది, బ్రేక్ మాత్రం ఉండనే ఉంటుంది. ఆఫ్ చేసుకునేవాళ్ళు మెనూలో ఈ సెట్టింగ్ ఉందని తెలీకే ఆఫ్ చేసుకుంటున్నారు.

ఇంకొకటి, 80 దాటగానే మోగే బీప్‌కీ అడాస్‌కీ సంబంధం లేదు. అది 2019 జూలై నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి చేసిన స్పీడు హెచ్చరిక. పెద్దవాళ్ళు ఈ బీపులన్నీ కలిపేసుకుని "ఇదంతా ఆపేయ్ బాబూ" అంటారు, అప్పుడు పక్కనున్న కుర్రాడు ఏఈబీ కూడా ఆపేస్తాడు. మీరు ఈసారి ఊరొచ్చినప్పుడు ఒక పూట కూర్చుని ఏ శబ్దం దేనిదో ఆయనకి వినిపించండి.

ఇది దేన్ని చూడదో తెలియాలి. ఈ సిస్టమ్ గుర్తుపట్టేలా తయారుచేసింది బండ్లని, మనుషుల్ని, సైకిల్, బైకు మీద వెళ్ళేవాళ్ళని. జంతువులకి పనిచేస్తుందని కంపెనీలు హామీ ఇవ్వవు, చాలా మాన్యువల్స్‌లో చేయకపోవచ్చని రాసే ఉంటుంది. మన దగ్గర రాత్రిపూట రోడ్డు మధ్యలో పడుకునే గేదె ఉంది చూశారూ, నల్లటి తారు మీద నల్లటి గేదె, దానికోసం కారు బ్రేక్ వేస్తుందని నమ్ముకోవద్దు. ఉండి అనే ఊరు దాటాక ఆకివీడు వైపు ఒకసారి కోత కోసిన చేలోంచి బాతుల మంద రోడ్డెక్కింది. వందల బాతులు, రోడ్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా. కారు నడుపుతున్నాయన నా శిష్యుడే, నేను పక్కన ఉన్నాను, ఆయన ముందే చూసి స్లో చేస్తున్నాడు గానీ కారు నోరు మెదపలేదు. బాతులు తోలే కుర్రాడు కర్ర పట్టుకుని రోడ్డు మధ్యకి వచ్చి నిలబడ్డాక అప్పుడు మోగింది. అంటే కారుకి కనపడింది ఆ కుర్రాడు, బాతులు కాదు. ఆ రోజు నుంచి ఆయనకి నేను వేరే ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది.

అలాగే ధాన్యం. సార్వా కోతలప్పుడు నవంబర్, డిసెంబర్, దాళ్వా అయితే ఏప్రిల్, మే, సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది, చుట్టూ రాళ్ళు, కొబ్బరి మట్టలు, రాత్రయితే పైన బరకం. రోడ్డు పక్క గీత ధాన్యం కింద ఉంటుంది, రాళ్ళు బంపర్ కంటే కిందుంటాయి. ఈ రెండు సీజన్లలో కారులో ఏ ఫీచర్ ఉన్నా లేనట్టే లెక్కేసుకుని తోలాలి.

అడాప్టివ్ క్రూయిజ్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే జనం మోజు పడేదీ ఇబ్బందిలో పడేదీ దీంతోనే. ముందు బండి స్పీడుని బట్టి మన కారు తనే తగ్గి, తనే పెరుగుతుంది. విజయవాడ నుంచి హైదరాబాద్ ఎన్‌హెచ్ 65 మీద ఇది నిజంగా హాయి, మోకాలి నొప్పి ఉన్నవాళ్ళు దిగేసరికి మనుషుల్లా ఉంటారు, పండగ రద్దీలో టోల్ గేట్ల దగ్గర ఆగుతూ కదులుతూ వెళ్ళేటప్పుడు ఇంకా బాగుంటుంది. నాన్నగారు హైదరాబాద్ వెళ్ళేటప్పుడు తప్పకుండా వాడమనండి.

ప్రమాదం ఎక్కడుందో వినండి. తణుకు నుంచి సిద్ధాంతం బ్రిడ్జి వైపు, పాత ఎన్‌హెచ్ 5 అంటాం, ఇప్పుడు 216ఎ, రాత్రి ఎనిమిదింటప్పుడు వెళ్తున్నాం. క్రూయిజ్ 90కి సెట్ చేసి ఉంది, ముందు లారీ 60లో వెళ్తుంటే మన కారు కూడా బుద్ధిగా 60లో దాని వెనకాలే ఉంది. లారీ ఒక్కసారిగా కుడికి జరిగింది. స్క్రీన్ మీద ముందు బండి బొమ్మ మాయమైంది. ముందు ఎవరూ లేరనుకుని మన కారు 90 అందుకోడానికి స్పీడు పెంచింది. లారీ ఎందుకు జరిగిందయ్యా అంటే ముందు వరిగడ్డి ట్రాక్టర్ ఆగి ఉంది. గడ్డి రెండు పక్కలా వేలాడుతూ ట్రాక్టర్ ట్రక్కు వెనక లైట్లని కప్పేసింది, రిఫ్లెక్టర్ లేదు, రాత్రి లైట్లో చూస్తే అది బండిలా లేదు, ఓ గడ్డిమేటు రోడ్డు మీద నిలబడ్డట్టు ఉంది. నడిపే ఆయన కాలు పెడల్ మీద లేదు, కింద వెనక్కి పెట్టుకుని ఉన్నాడు. నేను గట్టిగా బ్రేక్ అని అరిచాను, తొక్కాడు, ఆగాం. ట్రాక్టర్‌కీ మాకూ మధ్య ఇంకో కారు పట్టేంత చోటు ఉంది, అంతే.

ఇందులో కారు చెడిపోయిందేమీ లేదండి. స్పీడులో ఉన్నప్పుడు ఆగి ఉన్న వస్తువుని పట్టుకోవడం ఈ రాడార్ క్రూయిజ్‌లకి మొదటి నుంచీ బలహీనతే. రోడ్డు పక్క బోర్డులు, స్తంభాలు, రెయిలింగులు అన్నీ రాడార్‌కి ఆగి ఉన్న వస్తువులే, వాటన్నిటికీ బ్రేక్ వేస్తూ పోతే కారు నడవదు, అందుకని కదలని వాటిని చాలావరకు పక్కన పెట్టేలా చేస్తారు. కెమెరా సాయం చేస్తుంది గానీ దానికి బండి వెనక భాగం బండిలా కనపడాలి. గడ్డి ట్రాక్టర్, గెలలు వేలాడే అరటి లోడు, ఇనప చువ్వలు బయటికి పొడుచుకొచ్చిన ఆటో, ఇవేవీ దానికి నేర్పించిన ఆకారాలు కావు. అందుకని రూలు ఇది: క్రూయిజ్ ఆన్‌లో ఉన్నంతసేపూ కుడి కాలు బ్రేక్ పెడల్ ముందు ఉండాలి. ముందు బండి లేన్ మారిందా, కారణం తెలిసేదాకా మీ కాలు బ్రేక్ మీదే ఉండాలి. రాత్రి 216ఎ మీద అయితే నేను వాడొద్దనే చెప్తాను.

మలుపుల్లో కూడా ముందు బండి దాని చూపులోంచి తప్పిపోయి ఇలాగే స్పీడు పెంచుతుంది. చించినాడ, ఎదుర్లంక లాంటి బ్రిడ్జిల అప్రోచ్ మలుపుల్లో ముందే క్యాన్సిల్ నొక్కేయాలి.

లేన్ అసిస్ట్. గీతలు చూసి పనిచేస్తుంది, గీతలు లేని చోట ఊరుకుంటుంది, చాలా కార్లలో సుమారు 60 దాటితే గానీ కలగజేసుకోదు. అంటే ఊళ్ళో రోడ్ల మీద దాని ఊసే ఉండదు, అది మంచిదే. ఇబ్బంది ఎక్కడంటే కొత్తగా వేసిన రెండు లేన్ల రోడ్లు, 216 కానీ పామర్రు నుంచి దిగమర్రు వచ్చే 165 కానీ. గీతలు చక్కగా ఉంటాయి, స్పీడూ ఉంటుంది. ఎదురుగా బస్సు ఇంకో బస్సుని ఓవర్‌టేక్ చేస్తూ వస్తుంటే మనం ఏం చేస్తాం, ఎడమ చక్రాలు మార్జిన్‌లోకి దింపుతాం. ఇండికేటర్ వేసే టైమ్ ఉండదు. కారు మాత్రం "గీత దాటుతున్నాడు" అనుకుని స్టీరింగ్‌ని మళ్ళీ రోడ్డు మీదకి లాగుతుంది. ఆ లాగుడు పెద్ద బలమైనదేం కాదు, గట్టిగా పట్టుకుంటే మన మాటే వింటుంది, కానీ ఆ క్షణంలో ఒక పక్క కాలవ, ఒక పక్క బస్సు, చేతిలో స్టీరింగ్ ఎదురు తిరిగినట్టు అనిపిస్తే పెద్దాయన కంగారు పడతారు. ఆ కంగారే నా భయం. కాబట్టి నాన్నగారి కారులో స్టీరింగ్ తిప్పే సాయం ఆఫ్, గీత దాటితే శబ్దం చేసే హెచ్చరిక మాత్రం ఆన్. చాలా కార్ల మెనూలో ఈ రెండూ విడివిడిగా ఉంటాయి చూడండి. నిద్ర మత్తులో హైవే మీద పక్కకి జారేటప్పుడు ఆ శబ్దం చాలు.

స్టీరింగ్‌కి వాటర్ బాటిల్ ఇరికించి చేతులు పట్టుకున్నట్టు కారుని నమ్మించే వీడియోలు తిరుగుతున్నాయి. దాని గురించి ఇంతకంటే రాయను, చేసేవాళ్ళు ఎవరైనా ఇంట్లో ఉంటే తాళాలు ఇవ్వకండి.

వెనక రాడార్లు. నేను నేర్పే పెద్దవాళ్ళు అందరికంటే ఎక్కువ ఇష్టపడేది ఇదే, అమ్మేవాళ్ళు మాత్రం తక్కువ చెప్తారు. ఇంటి గేటులోంచి రివర్స్‌లో రోడ్డు మీదకి వచ్చేటప్పుడు రెండు పక్కల గోడలుంటాయి, వెనక కెమెరాకి కూడా పక్కనుంచి వచ్చేవాడు కనపడడు. బంపర్ మూలల్లో ఉన్న రాడార్ ముందే చూసి మోగుతుంది, కొన్ని కార్లు బ్రేక్ కూడా వేస్తాయి. మెడ పూర్తిగా తిప్పలేని వయసులో దీని విలువ వేరు. మా దగ్గర ఒక పెద్దాయన కారు రివర్స్‌లో కదులుతుండగా పాల క్యాన్లతో స్కూటర్ వచ్చింది, ఆయన చూడలేదు, కారు చూసింది. ఎడమ వైపు నుంచి దూరే బైకులకి అద్దంలో వెలిగే బ్లైండ్ స్పాట్ (అద్దాల్లో కనపడని చోటు) లైటు కూడా ఈ రాడార్ల వల్లే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. అడాస్ అని రాసి ఉన్న ప్రతి కారులోనూ ఇవి ఉండవు. హోండా సిటీ, ఎలివేట్, అమేజ్ ముందు కెమెరా ఒక్కదాని మీదే నడుస్తాయి, బ్లైండ్ స్పాట్ రాడార్ బదులు ఎడమ అద్దం కింద కెమెరా ఇస్తారు. క్రెటా, సెల్టోస్ లాంటి వాటి పై వేరియంట్లలో కెమెరాతో పాటు రాడార్లూ ఉంటాయి. 2023లో హ్యుందాయ్ వెన్యూలో ఇచ్చింది లెవెల్ 1, అందులో అడాప్టివ్ క్రూయిజ్ లేదు. ఏది మంచిది ఏది చెడ్డది అని కాదు, నాన్నగారి అవసరానికి వెనక రాడార్ ముఖ్యం కాబట్టి అది ఉందో లేదో అడిగి తెలుసుకోండి. కెమెరా ఒక్కటే ఉంటే మంచులోనూ జోరు వానలోనూ ముందుగా చేతులెత్తేస్తుంది, డిసెంబర్, జనవరి తెల్లవారుజామున చేల మధ్య కమ్మే మంచు సంగతి మీకు తెలిసిందే.

మన వైపు వాతావరణానికి మెయింటెనెన్స్ కూడా చెప్పాలి. సాయంత్రం చెరువుల పక్క రోడ్డు మీద వస్తే అద్దం నిండా పురుగులు చితికి ఉంటాయి, లోపలి అద్దం వెనక ఉన్న కెమెరా ముందు ఆ కొంచెం జాగా శుభ్రంగా ఉంటే చాలు, రోజూ తడిగుడ్డతో తుడవాలి. ముందు అద్దం పైన దేవుడి పేరు స్టిక్కర్ వేయిస్తారు, కెమెరా ఉన్నచోట పడకూడదు. ముందు ఇనప గార్డు అసలు వద్దు, రాడార్‌కి అడ్డం. దసరాకి పూజ చేసినప్పుడు పసుపు కుంకాలు, దండ గ్రిల్ మధ్యలో రాడార్ మూత మీదే పెడతారు, పూజయ్యాక కడిగి దండ తీసి బయల్దేరండి. ముందు అద్దం పగిలి మార్పిస్తే కెమెరా కాలిబ్రేషన్ (దాని చూపు మళ్ళీ సరిచేయడం) చేయించకుండా బండి తీసుకోవద్దు, బంపర్ విప్పి బిగిస్తే రాడార్ సంగతి కూడా అడగాలి. బయట చవగ్గా అద్దం వేయించుకుని తర్వాత "ఊరికే మోగుతోందండి" అని వచ్చినవాళ్ళున్నారు.

బడ్జెట్ బిగువుగా ఉండి ఆరు ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌సీ ఒక పక్క, అడాస్ ఒక పక్క అన్న పరిస్థితి వస్తే ముందు ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌సీనే. తడి రోడ్డు మీద బురద ట్రాక్టర్ వెళ్ళాక కారు జారితే పట్టేది ఈఎస్‌సీ.

ఎదురు లైట్లకి ఇబ్బంది అన్నారు కదా, కారు కంటే ముందు ఒకసారి కంటి డాక్టర్‌కి చూపించండి. ఆ వయసులో శుక్లం మొదలైతే చాలామందికి మొదట తెలిసేది రాత్రి డ్రైవింగ్‌లోనే, లైట్ల చుట్టూ వెలుగు చెదిరినట్టు కనిపిస్తుంది. ఆటో హై బీమ్ అన్న ఫీచర్ మన లైట్లని మాత్రమే దించుతుంది, ఎదుటివాడి లైట్లు దించలేదు. డాక్టర్ ఏమనేదాకా చీకటి పడ్డాక రాజోలు వైపు ప్రయాణాలు పెట్టుకోవద్దనండి.

టెస్ట్ డ్రైవ్ షోరూమ్ వాళ్ళు బైపాస్ మీద చూపిస్తామంటారు. ఒప్పుకోకండి, నాన్నగారు రోజూ వెళ్ళే దారిలోనే, బజారు టైమ్‌లో అడగండి, స్టీరింగ్ ఆయన చేతిలోనే ఉండాలి. ఇంటి గేటులోంచి ఒకసారి రివర్స్ చేయించి చూడండి. హెచ్చరిక టైమింగ్ మార్చడం, లేన్ స్టీరింగ్ ఆపడం మెనూలో ఎక్కడుందో అక్కడే ఆయన చేత చేయించండి, మళ్ళీ స్టార్ట్ చేశాక ఆ సెట్టింగులు అలాగే ఉన్నాయా, మొదటికి వచ్చేశాయా చూడండి, కొన్ని కార్లు ప్రతిసారీ మళ్ళీ ఆన్ చేసేస్తాయి. మోడల్ ఏదో ఖాయమయ్యాక ఇక్కడే రాయండి, దాని మెనూలో ఏది ఎలా పెట్టుకోవాలో విడిగా చెప్తాను.